ఒరిపిడి

కోడలు గిన్నెలు నిలబడే తోముతోంది. కుళాయి మోకాలి ఎత్తులో ఉంటుంది. దాని ముందు పీట వేసుకుని కూర్చుంటే పది నిమిషాల్లో తెమిలే పని అది. మూడేళ్ళుగా అలాగే కూర్చుని తోమింది. ఈ వారం రోజుల్నించి మాత్రం పీటని గోడకి ఆనించేసి, నడుం వంచి, ఒక చేత్తో కుళాయి గొట్టం పట్టుకుని రెండో చేత్తో తోముతోంది. పళ్ళెం ఒకటి చెయ్యి జారి గచ్చు మీద పడి గింగిరాలు తిరిగింది.

ముందుగదిలో మావగారు పేపరు కిందికి దించారు. ఏమైందని అడగలేదు. పళ్ళెం చప్పుడు ఆగేదాకా చూసి మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

ఆ ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. ఒకప్పుడు నలుగురు. అత్తగారు పోయి నాలుగేళ్ళయింది. ఆ మరుసటి ఏడు కొడుకు వేరే ఊళ్ళో పని దొరికిందని వెళ్ళాడు. అక్కడ వేరే ఇల్లు తీసుకున్నాడు, ఆ ఇంట్లోకి వేరే మనిషి వచ్చింది, ఇతను రావడం మానేశాడు. పోట్లాట లేదు, కాగితాలు లేవు. వారానికోసారి మోగే ఫోను నెలకోసారి మోగింది, తర్వాత అదీ లేదు. కొడుకు లేని ఇంట్లో కోడలు ఏమవుతుందో మావగారికి తెలియదు, కోడలికీ తెలియదు. ఎత్తితే ఏం తెగుతుందోనని ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఒక్క మాటనీ దాటుకుంటూ తిరగడంలో మిగతా మాటలూ ఒక్కొక్కటే తగ్గిపోయాయి. "టీ పెట్టాను." "ఊఁ." "నీళ్ళొచ్చాయి." "ఊఁ." పొద్దుట్నించి రాత్రిదాకా పోగేసినా పిడికెడు మాటలుండవు.

కోడలి అన్నయ్య మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే పాట. "ఇంకా అక్కడెందుకే? మా ఇంటికొచ్చెయ్. మీ వదిన ఆఫీసుకెళ్తే పిల్లల్ని చూసే దిక్కు లేదు." ఒకసారి వెళ్ళింది కూడా. పదిహేను రోజులుంది. వంటగదిలో ఫ్రిజ్‌కీ బట్టలుతికే మిషనుకీ మధ్య మడత మంచం వేసేవారు. ఆ పదిహేను రోజుల్లో ఆమెని ఎవరు పిలిచినా ఏదో ఒకటి అందించమనే పిలిచారు. తిరిగొచ్చాక, ఇక్కడ "ఊఁ" అనే మనిషైనా ఉన్నాడని అనుకుంది. కానీ ఎవరింట్లో ఉన్నా ఒకరి కంచంలో తింటున్నట్టే ఉంది.

అందుకే పెద్దాసుపత్రి బట్టల విభాగంలో కుట్టుపనికి మనుషులు కావాలంటే మొదటి రోజే వెళ్ళి వరసలో నిలబడింది. పదహారేళ్ళ వయసు నుంచీ మిషను తొక్కుతున్న కాళ్ళు. డాక్టర్ల గౌనులు, దుప్పట్లు, దిండు గలేబులు, ఏదిచ్చినా కుట్టగలదు. ఆరు వారాలు పని చూస్తారు. పొద్దున్న ఏడింటికల్లా హాజరు. మూడుసార్లు ఆలస్యమైతే ఇంటికి పంపిస్తారు. ఆరు వారాలు గట్టెక్కితే ఉద్యోగం, లేకపోతే ఫ్రిజ్‌కీ మిషనుకీ మధ్య మంచం. కోడలి కళ్ళకి మూడో దారి కనిపించలేదు.

ఆసుపత్రి తొమ్మిది కిలోమీటర్లు. మొదటి బస్సు బయల్దేరేదే ఆరూ నలభై అయిదుకి. ఇంట్లో ఉన్నది మావగారి సైకిలు.

మావగారు పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యారు. ముప్ఫై నాలుగేళ్ళు తొక్కిన నల్ల సైకిలు నడవాలో పాత దుప్పటి కప్పుకుని ఉంటుంది. ఉద్యోగం మాట చెప్పిన సాయంత్రం కోడలు దాని పక్కన కాసేపు ఊరికే నిలబడింది. "గాలి కొట్టించాలి," అన్నారు మావగారు. అనుమతి ఇవ్వడం అంటే అంతే.

చిన్నప్పుడు బడికి సైకిలు మీదే వెళ్ళింది. కాళ్ళు మర్చిపోలేదు, చేతులు మర్చిపోలేదు. మర్చిపోయింది వేరే చోటు. మొదటి రెండు రోజులూ బెణుకులాంటి నొప్పి. మూడో రోజు మంట. వారం తిరిగేసరికి తొడలు కలిసే చోట చర్మం ఎర్రగా కమిలి, స్నానం నీళ్ళు తగిలితే నిప్పు అంటుకున్నట్టు ఉండేది. లోపల రెండు బట్టలు వేసుకుంది. అవి చెమటకి తడిసి ముడతలుపడి ఇంకా కోశాయి. పౌడరు జల్లుకుంది. అది ముద్దకట్టి ఇసకలా అయింది. మూడో వారానికి ఆరు కిలోమీటర్లు తొక్కి, మిగిలిన మూడూ సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

చెయ్యి తెగితే కట్టు కట్టుకుని తిరగొచ్చు. కాలు బెణికితే కుంటొచ్చు, ఎవరో ఒకరు కుర్చీ జరుపుతారు. ఇది ఎక్కడ అనడిగితే ఏం చెప్పాలి? ఎవరికి చెప్పాలి? అత్తగారుంటే ఏమో. అమ్మ పోయి ఎన్నేళ్ళో అయింది.

"ఏమ్మా కొత్తమ్మాయ్, నిలబడి కుడుతున్నావు, జాతీయగీతం గానీ పాడుతున్నారా?" అంది పక్క మిషను ఆవిడ. ఇరవై ఏళ్ళుగా బొత్తాలు కుడుతోంది కాబట్టి అందరికీ బొత్తాలమ్మ.

"నడుం పట్టేసిందండీ."

"నడుం పడితే వంగలేరు. నువ్వు వంగే ఉన్నావు." బొత్తాలమ్మ దారం కొరికింది. "కూర్చో తల్లీ. కుర్చీ ఏం కరవదులే."

కోడలు నవ్వి, కుర్చీ అంచున ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. ఆ నవ్వు నిలబెట్టడానికి పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది.

ఆ వారమే రెండుసార్లు ఆలస్యమైంది. సూపర్‌వైజరమ్మని వెనకాల అందరూ గడియారమ్మ అంటారు. ఆవిడ అరవదు, తిట్టదు. రిజిస్టరు మూసి, కళ్ళజోడు మీంచి చూసి, "రెండు," అంది. "మూడోది నేను లెక్కపెట్టను. నువ్వే బ్యాగు సర్దుకో."

ఆ మధ్యాహ్నం భోజనం మానుకుని ఓపీ కౌంటరు దగ్గరికి వెళ్ళింది. వందమంది డాక్టర్లున్న చోట పనిచేస్తూ ఒక పుండుకి భయపడడమేమిటని తనకి తనే నచ్చజెప్పుకుంది. కౌంటర్లో గుమాస్తా అద్దం వెనక నుంచి మైకులో అడిగాడు. "సమస్య ఏంటి?" ఆ గొంతు హాలంతా మోగింది. వెనక ఇరవైమంది. ముందు వాళ్ళలో ఇద్దరు తలలు తిప్పారు.

"జలుబు," అంది కోడలు.

జలుబు మాత్రలు తీసుకుని వచ్చింది.

కుట్టుపని వాళ్ళకి ఏ కష్టమొచ్చినా చెయ్యి సూది మీదికే వెళ్తుంది. ఆ సాయంత్రం రెండంగుళాల మందాన స్పాంజి కోసి, మీదా కిందా గుడ్డ వేసి, రోగుల స్టూళ్ళకి కుట్టే దిండులాగే గళ్ళు గళ్ళుగా కుట్టి, నాలుగు తాళ్ళు పెట్టి సైకిలు సీటుకి కట్టింది. చూడ్డానికి బుల్లి సింహాసనంలా ఉంది. అంతటితో ఆగలేదు. యూనిఫారం ప్యాంటు తిరగేసి, నాలుగు ముక్కలు కలిసే చోట కుట్టుని ఇంకోసారి మడిచి, రెండు వరసలు బలంగా కుట్టింది. ఆమెకి పని నేర్పిన టైలరు మొదటి రోజు చెప్పిన పాఠం అదే: ప్యాంటు ఎక్కడ చిరిగినా పర్వాలేదుగానీ అక్కడ చిరగకూడదు. కుట్టు తాడులా గట్టిగా వచ్చింది. వేలితో తడిమి సంతోషించింది.

మర్నాడు ఆ తాడు మీదే కూర్చుని, ఆ సింహాసనంలో దిగబడి, తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళింది. ఏడింటికి మూడు నిమిషాల ముందు చేరింది. చేరాక బాత్‌రూములో తలుపు గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ మర్నాడు పొద్దున్న చూస్తే సీటు మీద దిండు లేదు. తాళ్ళు విప్పి, నీటుగా మడిచి, స్టూలు మీద పెట్టి ఉంది. కోడలు మళ్ళీ కట్టుకుని వెళ్ళింది. సాయంత్రం గిన్నెలు తోమి వచ్చేసరికి మళ్ళీ స్టూలు మీద ఉంది. మళ్ళీ కట్టింది. మళ్ళీ విప్పి ఉంది. రెండు రోజులు ఆ ఇంట్లో మాట లేకుండా ఒక యుద్ధం జరిగింది. ఒకరు ముడి వేయడం, ఒకరు విప్పడం.

శుక్రవారం సాయంత్రం ఆమె దిండు చేత్తో పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

"మావయ్యా, ఇది మీరే తీస్తున్నారా?"

"ఊఁ."

"సైకిలు మీది. కాదన్నానా? గుడ్డ నాది. నేను తొక్కడం ఇష్టం లేకపోతే సైకిలు ముట్టుకోవద్దనండి. సగం సగం ఎందుకు?"

అంత పొడుగు మాట ఆ గదిలో పడి చాలా కాలమైంది. మావగారు కుర్చీ తిప్పుకుని గోడవైపు చూస్తూ కూర్చున్నారు. గోడ మీద ఏమీ లేదు.

"మా పోస్టాఫీసులో ఒకతను ఉండేవాడు," అన్నారు గోడతో.

కోడలు వెళ్ళిపోబోయి ఆగింది.

"కొత్తగా చేరాడు. రోజుకి పాతిక కిలోమీటర్లు. మెత్తగా ఉంటుందని సీటుకి దిండు కట్టాడు. మెత్తటి దాంట్లో మనిషి దిగబడిపోతాడు. దిగబడితే ఎముక ఆనదు, కండ ఆనుతుంది. కండ ఒరుసుకుపోతుంది."

కోడలికి చెవులు వేడెక్కాయి. నేల చూసింది. బయట ఎవరో గేటు వేసుకున్న చప్పుడు. ఆ చప్పుడు పోయాక అడిగింది.

"ఆయనకి బాగా ఒరుసుకుందా?"

"నిలబడి భోంచేసేవాడు."

"గిన్నెలు కూడా నిలబడే తోమేవాడా?"

"పోస్టాఫీసులో గిన్నెలుండవు," అన్నారు మావగారు చాలా గంభీరంగా.

కోడలు పెదవి కొరుక్కుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మరి ఏం చేశాడు?"

"అతను చెయ్యలేదు. మా హెడ్ పోస్టుమాన్ చేశాడు. సీటు ఎత్తు ఎక్కువైంది. అతనేమో పొట్టి. పెడలు అందక తొక్కు తొక్కుకీ అటు జారి ఇటు జారేవాడు. రోజుకి కొన్ని వేలసార్లు జారితే ఏ తోలు నిలుస్తుంది? సీటు దించాడు. సీటు ముక్కు పైకి లేచి ఉంటే సమం చేశాడు. మధ్యమధ్య పెడళ్ళ మీద లేచి నిలబడి నాలుగు తొక్కులు తొక్కమన్నాడు, నెత్తురు ఆడుతుందని."

"పుండుకి?"

"రెండు రోజులు సైకిలు జోలికి పోకూడదు. కడుక్కుని, రుద్దకుండా ఒత్తి తుడుచుకుని, గాలి తగలనివ్వాలి. మానాక రోజూ బయల్దేరే ముందు వాజలీను రాసుకోవాలి. ముందు. మంట పుట్టాక రాసి లాభం లేదు. పౌడరు వద్దు. లోపల ఒక్క బట్ట చాలు, బిగుతుగా, ముడత పడకుండా. చేరగానే తడిసింది మార్చుకోవాలి." ఊపిరి తీసుకున్నారు. "పుండు తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి. సిగ్గుపడకూడదు."

"ఆయన చూపించాడా?"

"లేదు. సిగ్గుపడ్డాడు." మావగారి వేళ్ళు కుర్చీ చెయ్యి మీద ఏదో గీస్తున్నాయి. "అతని భార్య పసిగట్టింది. ప్యాంటు కుట్టు గుచ్చుకుంటోందని విప్పేసి పక్కకి జరిపి కుట్టింది. ఎలా జరిపిందో తెలీదు, నాకు కుట్టు రాదు. ఎక్కడ నొప్పి అని అతన్ని అడిగింది ఆవిడొక్కతే. మళ్ళీ ఎవరూ అడగలేదు."

మావగారు ఆరడుగుల మనిషి. పొట్టివాడెవరో, భార్య ఉన్నవాడెవరో కోడలికి విడివిడిగా అర్థమైంది. ఆ పోస్టాఫీసు మనిషి చొక్కాలో ఇద్దరు దూరి ఉన్నారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

మర్నాడు ఆసుపత్రిలో నీళ్ళ ట్యాంకు కడుగుతున్నారని బట్టల విభాగానికి సెలవు. ఆ వెనకే ఆదివారం. మావగారు నడవాలో సైకిలు ముందు కూర్చుని సీటు గొట్టానికి కిరసనాయిలు పోసి నానబెట్టారు. ముప్ఫై నాలుగేళ్ళు ఒకేచోట బిగిసిన మర. పానా పట్టుకుని ఊగితే గానీ కదల్లేదు. గొట్టం జారి కిందికి దిగుతుంటే, ఆయన ఎత్తు ఎంతో చూపించే తుప్పు గీత కూడా దిగి లోపలికి పోయింది. "ఎక్కి చూడు," అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు, ఎక్కేది తను చూడకుండా. కోడలు ఒక కాలు నేల మీద ఆనించి, రెండో కాలు పెడలు మీద పెట్టి చూసింది. మొదటిసారి మోకాలు హాయిగా వంగింది. ఇప్పుడు ఆ సైకిలు ఆయనెక్కితే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆ సంగతి ఆయనకి తెలియకుండా ఉండదు.

ప్యాంటు పని ఆమెది. తాడులాంటి ఆ కుట్టుని బ్లేడుతో విప్పుతుంటే పని నేర్పిన టైలరు ముఖం గుర్తొచ్చి రెండుసార్లు ఆగింది. తర్వాత, నాలుగు ముక్కలు ఒకచోట కలవకుండా మధ్యలో గాలిపటంలా ఒక నాలుగు మూలల ముక్క వేసింది. కుట్లన్నీ తొడల పక్కకి జరిగిపోయాయి. కూర్చునే చోట ఒక్క దారం కూడా లేదు. ఎలా జరిపిందో ఆవిడ, ఇలాగే జరిపి ఉంటుంది. ఆ మాట చెబుదామని ముందుగదిలోకి వచ్చింది. మావగారు పేపరు వెనక ఉన్నారు. చెప్పలేదు.

సోమవారం మంట లేదని కాదు, ఉంది. కానీ సన్నగా, భరించేలా ఉంది. మంగళవారం ఇంకా తగ్గింది. ఆ వారమంతా ఏడింటికి పావుగంట ముందే చేరింది. సాయంత్రం వచ్చి, "ఆ పోస్టాఫీసు ఆయనకి తగ్గిందట," అంది. "ఊఁ," అన్నారు మావగారు. ఇంకా ఏమైనా అంటారేమోనని కాసేపు నిలబడింది. లోపలికి వెళ్ళి గిన్నెలు ముందేసుకుని పీట మీద కూర్చుంది. కూర్చోగలిగానని చెప్పుకోవడానికి ఆ పీట తప్ప ఎవరూ లేరు.

అయిదో వారం గురువారం పొద్దున్న అయిదూ యాభైకి ఎవరో తలుపు కొట్టారు. తీస్తే అన్నయ్య. చేతిలో బ్యాగు, ముఖాన రైలు నిద్ర.

"నడుస్తున్నావే!" అన్నాడు గుమ్మంలోనే.

"నడవక? ఏంటన్నయ్యా ఇంత పొద్దున్నే?"

లోపలికొచ్చి బ్యాగుని సైకిలు సీటు మీద పెట్టాడు. నడవాలోనే ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. "మంచం పట్టావేమోనని హడలి చస్తున్నాను. సెలవు దొరక్క ఇన్నాళ్ళు ఆగానుగానీ. సాయంత్రం రైలుకి టికెట్లు తీశాను, ఇద్దరికీ. సామాను సర్దు."

"నాకు డ్యూటీ ఉంది. ఆరుంపావుకల్లా బయల్దేరాలి."

"డ్యూటీ!" అన్నయ్య స్టూలు మీద కూర్చున్న మావగారి వైపు తిరిగాడు. "చూశారా మావయ్యగారూ, మీరు చెప్పిందే నిజం. మనకేదీ చెప్పదు."

కోడలు అన్నయ్యకి అందించబోతున్న టీ గ్లాసు సగంలో ఆపింది. "ఈయన చెప్పారా? ఏం చెప్పారు?"

"ఫోన్ చేశారుగా. 'నడవలేకపోతోంది, నాతో చెప్పదు, మీరొచ్చి తీసుకెళ్ళండి' అని. పదిహేను రోజులైంది."

పదిహేను రోజులు. రెండోసారి ఆలస్యమైన రోజు. దిండు కుట్టకముందు, ముడులు విప్పకముందు, పోస్టాఫీసు మనిషి పుట్టకముందు. తనని అడగడం కంటే తనని పంపించెయ్యడం ఈయనకి తేలికైందన్నమాట. కోడలు మావగారి వైపు చూసింది. ఈసారి ఆయన గోడవైపు తిరగలేదు.

"అప్పుడు చేశాను," అన్నారు. "తర్వాత వద్దని చెప్పాల్సింది. మళ్ళీ ఫోన్ చేసి ఏమని చెప్పాలో తోచలేదు."

గడియారం ఆరూ ఎనిమిది.

"అది సరేగానీ, అసలేమైందే నీకు?" అన్నాడు అన్నయ్య. "కీళ్ళా? నరమా? నాతో కూడా చెప్పవా? పరాయివాణ్ణా?"

"ఇప్పుడేం లేదు."

"ఏం లేకపోతే ఈ పెద్దమనిషి ఊరికే ఫోన్ చేస్తాడా? ఈ ముసలి సైకిలు తొక్కి తొక్కి పడిపోతే రేపు చూసేదెవరు? మాకు తలవంపులు కాదూ? ఇంట్లో నీడపట్టున ఉండవే అంటే వినవు. మీ వదిన మంచం కూడా వేసి ఉంచింది." కాళ్ళు బారజాపాడు. అవి గుమ్మానికి అడ్డంగా వచ్చాయి. "కూర్చో. నింపాదిగా చెప్పు. ఎక్కడ నొప్పి?"

ఆరూ పదమూడు. మూడోది నేను లెక్కపెట్టను, అంది గడియారమ్మ. కోడలు గ్లాసు కింద పెట్టింది.

"సైకిలు సీటు రాసుకుని తొడల మధ్య చర్మం లేచిపోయిందన్నయ్యా," అంది. "పుండు పడింది. బాత్‌రూముకి వెళ్తే మంటకి ఏడ్చేదాన్ని. కూర్చోలేక నిలబడి మిషను కుట్టాను. సీటు దించారు, ప్యాంటు మార్చుకున్నాను, వాజలీను రాసుకుంటున్నాను. మానిపోయింది. వదిన అడిగితే ఇలాగే చెప్పు. నేను రాను."

అన్నయ్య పైకప్పు చూశాడు, ఫ్యాను చూశాడు, తన బూట్ల లేసులు చూశాడు. బారజాపిన కాళ్ళు వాటంతటవే కుర్చీ కిందికి పోయాయి. చెవుల దాకా ఎర్రబడ్డాడు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుంటే ఊది ఊది కట్టు కట్టిన అన్నయ్యే.

మావగారు లేచారు. సీటు మీద బ్యాగు రెండు చేతులా ఎత్తి, అన్నయ్య పాదాల దగ్గర పెట్టి, సైకిలు ముందు చక్రం వీధివైపు తిప్పారు. తిప్పి, చెయ్యి తీసేసి పక్కకి జరిగారు.

కోడలి నోట్లో రెండు మాటలున్నాయి. ఎందుకు ఫోన్ చేశారు అన్నది ఒకటి. రెండోది ఆయన దించిన సీటు గురించి, దానికి ఇంకా మాటలు అమరలేదు. ఏది ముందు అన్నా ఇంకొకటి అబద్ధమైపోయేలా ఉంది. ఆరూ పదహారు. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా హ్యాండిల్ అందుకుని, సైకిలుని గడప దాటించి, తలుపు వెయ్యకుండానే వీధిలోకి వెళ్ళిపోయింది.